నవ్వుల బల్ల

నలుగురు ఒకచోట కూర్చుంటే మాటలు వస్తాయి. మాటలు సాగితే నవ్వులు వస్తాయి. "పనీపాటా లేదా? ఏమిటా ఇకఇకలు, పకపకలు?" అని ఎవరో ఒకరు కసురుతారు. నవ్వేది ఆడవాళ్లయితే ఇంకా గట్టిగా కసురుతారు. "నవ్వు నాలుగు విధాల చేటు" అని సామెత కూడా చెబుతారు.

నవ్వు నిజంగా చేటేనా? కబుర్లు చెప్పుకోవడం ఉత్త కాలక్షేపమేనా?

అమెరికా దేశంలో న్యూయార్క్ అనే పెద్ద నగరం ఉంది. వంద ఏళ్ల కిందట ఆ నగరంలో కొంతమంది స్నేహితులు ఉండేవాళ్లు. మధ్యాహ్నం భోజనం వేళకు ఒక హోటల్లో ఒకే బల్ల చుట్టూ చేరేవాళ్లు. వాళ్లలో పత్రికల వాళ్లున్నారు. కథలు రాసేవాళ్లున్నారు. నాటకాలు రాసేవాళ్లు, నాటకాలు ఆడేవాళ్లు ఉన్నారు. మగవాళ్లతో సమానంగా ఆడవాళ్లూ కూర్చునేవాళ్లు.

అది సంఘం కాదు. దానికి అధ్యక్షులు లేరు. చందా లేదు. రిజిస్టరు లేదు. వచ్చినవాళ్లు వచ్చేవాళ్లు, తిన్నది తినేవాళ్లు, నవ్వుకునేవాళ్లు, లేచి పనికి పోయేవాళ్లు. అంతే. అయినా ఆ బల్ల గురించి ఇప్పటికీ పుస్తకాలు వస్తున్నాయి. సినిమాలు కూడా వచ్చాయి. ఎందుకని? తెలుసుకుందాం.

బల్ల ఎలా మొదలైంది?

1914 నుంచి 1918 దాకా మొదటి ప్రపంచ యుద్ధం జరిగింది. అలెగ్జాండర్ వూల్‌కాట్ అనే పత్రికా రచయిత ఆ యుద్ధానికి వెళ్లి తిరిగి వచ్చాడు. ఆయన నాటకాలు చూసి, బాగున్నాయో లేదో పత్రికలో రాసేవాడు. యుద్ధం నుంచి వచ్చాక ఎవరు కనబడ్డా యుద్ధం కబుర్లే. వినలేక స్నేహితులు విసిగిపోయారు.

1919 జూన్ నెలలో వాళ్లు ఒక విందు పెట్టారు. నిజానికి అది వూల్‌కాట్‌ను ఆటపట్టించడానికి పెట్టిన విందు. ఆయన కోప్పడతాడని అందరూ అనుకున్నారు. ఆయన కోప్పడలేదు. హాయిగా నవ్వాడు. అందరికీ సరదాగా గడిచింది. "రోజూ ఇలాగే కలుద్దాం" అనుకున్నారు. కలిశారు. అలా సుమారు పదేళ్లు సాగింది.

ఆ హోటల్ పేరు ఆల్గాంక్విన్. నాటకశాలలకు, పత్రికల ఆఫీసులకు అది దగ్గర. హోటల్ నడిపే ఫ్రాంక్ కేస్ తెలివైనవాడు. వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికి చిన్న ఉద్యోగులే. జేబులో డబ్బు అంతంత మాత్రమే. అందుకని ఆయన వాళ్ల బల్ల మీద కొన్ని తినుబండారాలు ఉచితంగా పెట్టించేవాడు. మంది పెరిగాక హాలు మధ్యలో ఒక పెద్ద గుండ్రని బల్ల వేయించాడు.

గుండ్రని బల్లకు ఒక గుణం ఉంది. దానికి మొదలు లేదు, చివర లేదు. పెద్ద పీట ఎవరిదీ కాదు. అందరూ అందరికీ కనబడతారు. అందరి మాటా అందరికీ వినబడుతుంది.

హోటల్లో మాట, ఊరంతా పాట

బల్ల దగ్గర ఎవరైనా ఒక చమత్కారం విసిరితే, అది అక్కడితో ఆగేది కాదు. ఫ్రాంక్లిన్ ఆడమ్స్ అనే పెద్దాయన కూడా అక్కడికి వచ్చేవాడు. ఆయనకు పత్రికలో సొంత శీర్షిక ఉండేది. విన్న మాటల్లో మంచివి ఏరి అందులో రాసేవాడు. మధ్యాహ్నం హోటల్లో అన్న మాటను తర్వాత నగరమంతా చదివేది. ఆ విధంగా బల్ల వాళ్లకు పేరు వచ్చింది.

వాళ్ల చమత్కారం ఎలా ఉండేది? రాబర్ట్ బెంచ్‌లీ గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఇటలీ దేశంలో వెనిస్ అనే ఊరు ఉంది. అక్కడ వీధులు ఉండాల్సిన చోట కాలువలు ఉంటాయి. జనం పడవల మీద తిరుగుతారు. బెంచ్‌లీ ఆ ఊరు వెళ్లి న్యూయార్క్‌కు తంతి కొట్టాడట. "వీధుల నిండా నీళ్లు. ఏం చేయమంటారు?" అని.

డొరొతీ పార్కర్ మాట ఇంకా పదును. కాల్విన్ కూలిడ్జ్ అని అమెరికాకు ఒక అధ్యక్షుడు ఉండేవాడు. ఆయన మాట్లాడడం బహు తక్కువ. 1933లో ఆయన చనిపోయాడని ఎవరో చెప్పారు. "ఎలా తెలిసిందట?" అని డొరొతీ అడిగిందని చెప్పుకుంటారు.

ఎడ్నా ఫెర్బర్ కూడా తక్కువది కాదు. ఒకసారి ఆమె మగవాళ్లు తొడిగే తరహా కోటు తొడుక్కుని వచ్చింది. "నువ్వు దాదాపు మగవాడిలా ఉన్నావే" అని ఒక మగ రచయిత ఎకసెక్కెం ఆడాడట. "నువ్వూ అంతే" అని ఆమె ఠక్కున జవాబు ఇచ్చిందట.

ఉద్యోగం పోయిన రోజు

డొరొతీ పార్కర్ 1893లో పుట్టింది. బడి చదువు పద్నాలుగేళ్ల వయసులో ఆగిపోయింది. తండ్రి చనిపోయాక తన పొట్ట తనే పోసుకోవలసి వచ్చింది. నాట్యం నేర్పే చోట పియానో వాయించింది. తర్వాత ఒక ఆడవాళ్ల పత్రికలో వారానికి 10 డాలర్ల జీతానికి చేరింది. బొమ్మల కింద రెండు మూడు మాటలు రాయడమే ఆమె పని. ఆ రెండు మూడు మాటలే చురుగ్గా రాసేది. క్రమంగా 'వానిటీ ఫెయిర్' అనే పెద్ద పత్రికలో నాటకాల మీద రాసే పని దొరికింది.

ఆమె ఉన్నది ఉన్నట్టు రాసింది. బాగా లేని నాటకాన్ని బాగా లేదనే రాసింది. నటన బాగా లేకపోతే ఆ మాటా రాసింది. దాంతో కొందరు పెద్ద నాటకాల యజమానులకు కోపం వచ్చింది. పత్రికకు ప్రకటనల డబ్బు ఇచ్చేది వాళ్లే. 1920 జనవరిలో డొరొతీని ఉద్యోగం నుంచి తీసేశారు.

బెంచ్‌లీ కూడా అదే పత్రికలో పనిచేసేవాడు. ఆయనకు భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. జీతం తప్ప వేరే ఆధారం లేదు. అయినా డొరొతీకి జరిగింది అన్యాయం అని తన ఉద్యోగానికి రాజీనామా చేశాడు. రాబర్ట్ షెర్‌వుడ్ అనే మరో స్నేహితుడు కూడా వాళ్లతో పాటే బయటికి వచ్చాడు.

డొరొతీ, బెంచ్‌లీ కలిసి ఒక చిన్న గది అద్దెకు తీసుకున్నారు. ఇద్దరూ అందులోనే కూర్చుని రాసుకున్నారు. రోజూ కలిసి నవ్వుకున్నవాళ్లు కష్టం వచ్చిన రోజున పక్కన నిలబడ్డారు.

నా పేరు నాదే

అమెరికాలో 1920లో దేశమంతటా ఆడవాళ్లకు ఓటు హక్కు వచ్చింది. ఓటు వచ్చింది గానీ పేరు రాలేదు. పెళ్లయితే చాలు, ఆడమనిషి పుట్టింటి పేరు పోయేది. "ఫలానా ఆయన భార్య" అన్నదే ఆమె పేరు. కాగితాల మీద కూడా అంతే.

బల్ల దగ్గరకు వచ్చే రూత్ హేల్ ఇది ఒప్పుకోలేదు. ఆమె పత్రికా రచయిత్రి. భర్త హేవుడ్ బ్రౌన్ కూడా పత్రికా రచయితే. 1921లో ఆమె వేరే దేశం వెళ్లాలనుకుంది. పరాయి దేశం వెళ్లాలంటే పాస్‌పోర్టు కావాలి. "రూత్ హేల్ పేరుతో పాస్‌పోర్టు ఇవ్వండి" అని అడిగింది. "మీకు పెళ్లయింది కదా, బ్రౌన్ గారి భార్య అని రాస్తాం" అన్నారు అధికారులు. ఆమె ఒప్పుకోలేదు. ప్రయాణమే మానుకుంది. భర్త ఆమెను తప్పు పట్టలేదు. తన ప్రయాణం కూడా మానుకున్నాడు.

ఆమెకు తోడుగా జేన్ గ్రాంట్ నిలబడింది. జేన్ కూడా బల్ల దగ్గరి మనిషే. పల్లెటూరి నుంచి పాట నేర్చుకోవడానికి న్యూయార్క్ వచ్చింది. 'న్యూయార్క్ టైమ్స్' పత్రికలో చిన్న ఉద్యోగంలో చేరింది. మగవాళ్లు మాత్రమే ఉండే నగర వార్తల విభాగంలో విలేఖరి అయింది. ఆ విభాగంలో మొదటి ఆడ విలేఖరి ఆమే.

రూత్, జేన్ కలిసి 1921లో ఒక సంఘం పెట్టారు. దానికి 'లూసీ స్టోన్ లీగ్' అని పేరు పెట్టారు. ఎవరీ లూసీ స్టోన్? అంతకు ముందు కాలంలో ఆడవాళ్ల హక్కుల కోసం పోరాడిన స్త్రీ. 1855లో పెళ్లి చేసుకుంది, కానీ పేరు మార్చుకోలేదు. 1879లో తన రాష్ట్రంలో బడి కమిటీ ఎన్నికల్లో ఆడవాళ్లు ఓటు వేయవచ్చన్నారు. అయితే "భర్త పేరుతో సంతకం పెడితేనే ఓటు" అన్నారు. ఆమె పెట్టలేదు. ఓటు పోయినా సరే, పేరు వదులుకోలేదు.

లీగ్ వాళ్లు ఏం అడిగారు? ఇంటి దస్తావేజు మీద మా పేరు రాయండి అన్నారు. బ్యాంకు ఖాతా మా పేరున ఉండాలి అన్నారు. గ్రంథాలయం కార్డు మీద, ఓటర్ల జాబితాలో మా పేరే ఉండాలి అన్నారు. చాలామంది నవ్వారు. "ఇదేం గోల?" అన్నారు. వీళ్లు వెనక్కి తగ్గలేదు. నవ్వులాటలో వాళ్లకు ఎదురు నిలిచేదెవరు?

1921లోనే రూత్ ఇంటి దస్తావేజు తన సొంత పేరుతో రాయించుకుంది. 1925లో లీగ్‌లోని ఒక పెళ్లయిన స్త్రీకి ప్రభుత్వం సొంత పేరుతో పాస్‌పోర్టు ఇచ్చింది. అడిగినవాళ్లకే దొరికింది. అడగకపోతే ఎవరూ పిలిచి ఇవ్వలేదు.

కబుర్లలోంచి పుట్టిన పని

బల్ల దగ్గర నవ్వులే కాదు, పని కూడా పుట్టింది.

1922 ఏప్రిల్ 30న ఈ స్నేహితులంతా కలిసి ఒక నాటకశాలలో ప్రదర్శన ఇచ్చారు. ఒక్క రాత్రి ఆట. రోజూ ఇతరుల నాటకాలకు వంకలు పెట్టేవాళ్లు ఆ రోజు తామే ముఖానికి రంగు వేసుకున్నారు. బెంచ్‌లీ ఒక సంఘం కోశాధికారి వేషం కట్టాడు. ఆ కోశాధికారి లెక్కలు చదవాలి. చదవడం రాదు, ఆపడం రాదు. తడబడతాడు, నసుగుతాడు, లెక్క తప్పుతాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ ఒక్క వేషంతో బెంచ్‌లీ నటుడయ్యాడు. 1928లో ఆ వేషమే చిన్న సినిమాగా కూడా వచ్చింది.

జార్జ్ కాఫ్‌మన్ నాటకాలు రాసేవాడు. ఆయన ఒంటరిగా రాయడం తక్కువ. ఎవరో ఒకరు తోడు ఉండాలి. బల్ల దగ్గరే ఆయనకు తోడు దొరికింది. 1921లో మార్క్ కొనెల్లీతో కలిసి 'డల్సీ' అనే నాటకం రాశాడు. ఆడమ్స్ తన శీర్షికలో సరదాగా పుట్టించిన ఒక స్త్రీ పాత్రే ఆ నాటకానికి మూలం. కాఫ్‌మన్ తర్వాత ఎడ్నా ఫెర్బర్‌తో కలిసి కూడా నాటకాలు రాశాడు.

ఎడ్నా కథ వేరే చెప్పుకోవాలి. ఆమె తండ్రికి చూపు పోయింది. తల్లే కొట్టు నడిపి ఇల్లు నెట్టుకొచ్చింది. ఎడ్నాకు నటి కావాలని ఆశ. చదివించడానికి ఇంట్లో డబ్బు లేదు. 17 ఏళ్ల వయసులో వారానికి 3 డాలర్ల జీతానికి ఊరి పత్రికలో విలేఖరిగా చేరింది. వీధివీధి తిరిగి వార్తలు తెచ్చింది. తర్వాత కథలు, నవలలు రాసింది. కూరగాయలు పండించి కొడుకును పెంచిన ఒక రైతు స్త్రీ గురించి ఒక నవల రాసింది. ఆ నవలకు 1925లో పులిట్జర్ బహుమతి వచ్చింది. అమెరికాలో రచయితలకు అది చాలా పెద్ద బహుమతి.

జేన్ గ్రాంట్, ఆమె భర్త హెరాల్డ్ రాస్ ఒక పత్రిక పెట్టాలనుకున్నారు. డబ్బు చాలలేదు. ఈ స్నేహితుల పేకాటకు వచ్చే ఒక ధనవంతుడు పెట్టుబడి పెట్టాడు. 1925 ఫిబ్రవరిలో 'ది న్యూయార్కర్' పత్రిక మొదలైంది. మొదట్లో నష్టాలే. తర్వాత నిలదొక్కుకుంది. వంద ఏళ్లు దాటినా ఆ పత్రిక ఇంకా వస్తూనే ఉంది.

నవ్వుకు రెండు వైపులా పదును

అంతా మంచే జరిగిందా? లేదు.

కత్తి కూర కోస్తుంది, చేతినీ కోస్తుంది. చమత్కారం కూడా అంతే. బల్ల దగ్గర కొత్తగా వచ్చినవాళ్లను ఏడిపించిన రోజులున్నాయి. మాట నవ్వు తెప్పిస్తే చాలు, ఎవరి మనసు నొచ్చుకున్నా పట్టించుకోని రోజులున్నాయి. వీళ్లు ఒకరినొకరు పత్రికల్లో పొగుడుకుంటారని బయటివాళ్లు దెప్పేవాళ్లు. అందులో కొంత నిజం ఉంది.

శనివారాలు పేకాట సాగేది. చాలా డబ్బు చేతులు మారేది. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యం అమ్మకం నిషేధం. అయినా చాటుగా తాగేవాళ్లు. బెంచ్‌లీకి మొదట తాగుడు అలవాటే లేదు. స్నేహితుల మధ్యే అలవాటైంది. అదే ఆయన ఒళ్లు తినేసింది. 1945లో, 56 ఏళ్లకే చనిపోయాడు. డొరొతీ కూడా తాగుడుతో, దిగులుతో చాలా బాధపడింది. అందరినీ నవ్వించే మనిషి లోపల ఏడుస్తూ ఉండవచ్చు. పక్కవాళ్లకు అది కనబడకపోవచ్చు.

ఇంకో సంగతి. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లంతా తెల్లవాళ్లే. అదే నగరంలో, అదే కాలంలో హార్లెం అనే పేటలో గొప్ప నల్లజాతి రచయితలు ఉన్నారు. లాంగ్‌స్టన్ హ్యూస్ ఉన్నాడు. జోరా నీల్ హర్‌స్టన్ అనే రచయిత్రి ఉంది. వాళ్లకు వాళ్ల కూటములు వేరే ఉండేవి. బల్ల గుండ్రంగానే ఉంది. కానీ ఆ కుర్చీలు అందరివీ కావు.

నవ్వు ఆగిన రోజు

సాకో, వాంజెట్టీ అని ఇద్దరు కూలిమనుషులు ఇటలీ నుంచి అమెరికా వచ్చారు. సాకో చెప్పులు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. వాంజెట్టీ వీధుల్లో చేపలు అమ్మేవాడు. ఒక దోపిడీలో ఇద్దరిని చంపారని వాళ్ల మీద కేసు పెట్టారు. 1921లో కోర్టు వాళ్లను దోషులు అంది. పరాయి దేశం వాళ్లనీ, వాళ్ల రాజకీయాలు నచ్చకనీ అన్యాయంగా శిక్షిస్తున్నారని ఎంతోమంది నమ్మారు.

1927 ఆగస్టులో డొరొతీ పార్కర్ బోస్టన్ నగరం వెళ్లి ఊరేగింపులో నడిచింది. పోలీసులు ఆమెను పట్టుకున్నారు. 5 డాలర్ల జరిమానా వేశారు. రూత్ హేల్ కూడా ఆ పోరాటంలో పాల్గొంది. హేవుడ్ బ్రౌన్ తన పత్రికలో ఘాటుగా రాశాడు. యజమానులు ఆయన రాతలు ఆపేశారు. 1927 ఆగస్టు 23న ఆ ఇద్దరికీ మరణశిక్ష అమలు చేశారు. 50 ఏళ్ల తర్వాత, 1977లో, వాళ్ల విచారణ న్యాయంగా జరగలేదని ఆ రాష్ట్ర గవర్నరే ప్రకటించాడు.

హాస్యం రాసేవాళ్లకు ఇవన్నీ ఎందుకు అని కొందరు అడిగారు. కానీ ఆలోచించండి. హాస్యం అంటే వంకర ఎక్కడుందో చూసి చెప్పడమే కదా! నాటకంలో వంకర కనిపెట్టిన కంటికి న్యాయంలో వంకర కనబడదా?

బల్ల ఖాళీ అయింది

1929లో అమెరికాలో వ్యాపారాలు కుప్పకూలాయి. ఉద్యోగాలు పోయాయి. దేశమంతా కష్టకాలం. బల్ల వాళ్లలో కొందరు సినిమాలకు రాయడానికి దూరపు ఊళ్లకు వెళ్లిపోయారు. కొందరు విడిపోయారు. ఒక రోజు ఎడ్నా ఫెర్బర్ భోజనానికి వచ్చిందట. ఆ బల్ల దగ్గర ఎవరో పొరుగూరి కుటుంబం కూర్చుని తింటోందట. అప్పుడు ఆమెకు అర్థమైంది, ఇక కథ ముగిసిందని.

ముసలితనంలో డొరొతీ ఆ బల్లను పెద్దగా మెచ్చుకోలేదు. ఆ కాలపు గొప్ప రచయితలు అక్కడ లేరని, తాము ఊరికే జోకులు వేసుకున్నామని అంది. తన గురించి తను కూడా మొహమాటం లేకుండా మాట్లాడింది.

1967లో, 73 ఏళ్ల వయసులో ఆమె చనిపోయింది. వీలునామా తెరిచారు. తనకున్నదంతా మార్టిన్ లూథర్ కింగ్‌కు రాసింది. ఆయన నల్లజాతి ప్రజల హక్కుల కోసం శాంతియుతంగా పోరాడిన నాయకుడు. ఆమె ఆయనను ఒక్కసారి కూడా కలవలేదు. 1968లో కింగ్‌ను కాల్చి చంపారు. ఆ ఆస్తి నల్లజాతి ప్రజల హక్కుల సంఘానికి చేరింది. బల్ల దగ్గర కుర్చీ దొరకని వాళ్లకు చివరికి ఆమె తన సంపాదన ఇచ్చింది.

ఇప్పుడు చెప్పండి, నవ్వు చేటా? మనిషిని చిన్నబుచ్చే నవ్వు చేటే. అన్యాయాన్ని చిన్నబుచ్చే నవ్వు మాత్రం బలం. నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే పొద్దుపోవడమే కాదు, ఒక నాటకం పుట్టవచ్చు. ఒక పత్రిక పుట్టవచ్చు. పోయిన పేరు తిరిగి రావచ్చు.

మీరూ మాట్లాడుకోండి

1. మీ ఇంటి కాగితాలలో ఎవరి పేరు ఉంది? మీ పేరు ఎక్కడెక్కడ ఉంది? ఎలా రాశారు?

2. బెంచ్‌లీ తన ఉద్యోగం వదులుకోవడం సరైనదేనా? మీరైతే ఏం చేస్తారు?

3. నవ్వుతూ అన్న మాట ఎవరినైనా బాధపెట్టడం మీరు చూశారా? నవ్వుతో ఒక తప్పును సరిచేయడం చూశారా?